నకలుకు పెన్షన్ ఇస్తారా?

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడవలసినవారు నా తరువాత మాట్లాడతారు. కార్యదర్శిగారు నాకిచ్చిన వ్యవధిలో నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. మనిషి జ్ఞాపకాలు, మాటతీరు, ఇష్టాయిష్టాలు, కోపతాపాలు సమస్తం కంప్యూటరులోకి నకలు తీస్తే ఆ నకలు ఆ మనిషే అవుతుందా? "ఈ వయసులో మనకెందుకయ్యా ఈ గొడవ" అని ముందు వరుసలో ఎవరో నవ్వుతున్నారు. ఈ వయసులోనే కావాలండీ. పాతికేళ్ళ కుర్రవాడికి నకలుతో పనేముంది?

నేను తాలూకా కచేరీలో చేరింది మొదలు రిటైరయ్యేదాకా నకళ్ళతోనే బతికినవాణ్ణి. కార్బను కాపీ, సైక్లోస్టైలు, జెరాక్సు, చివరకు కంప్యూటరు ప్రింటు అన్నీ చూశాను. అడంగలు నకలు ఇవ్వాలంటే ఒకరు రాసేవారు, ఇంకొకరు అసలుతో సరిచూసేవారు, ఇద్దరూ పొట్టి సంతకాలు చేశాక ముద్ర పడేది. అసలు చెదలు తినిపోతే ఆ నకలునే కోర్టువారు సాక్ష్యంగా తీసుకుంటారు. అయినా దాని తలమీద "నకలు" అన్న మాటను ఎవరూ కొట్టివేయరు. మరి మనసు నకలును అసలుతో సరిచూసి పొట్టి సంతకం పెట్టే గుమాస్తా ఎవరు? ఇది మొదటి చిక్కు.

అసలు అలాంటి నకలు వస్తుందా అని అడగవచ్చు. నేటికి రాలేదు. 1986లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగు నాడుల అల్లికనంతా పటం గీశారు. దానికి ఉన్న నాడీకణాలు 302. ఆ పటం చేతికొచ్చి నలభై ఏళ్ళు కావస్తున్నా, దాన్నిబట్టి ఆ పురుగు నడవడినంతటినీ కంప్యూటరులో తెప్పించడం పూర్తికాలేదు. 2024లో ఈగజాతి పురుగొకదాని మెదడు పటం పూర్తయింది. దానికి సుమారు 1,39,000 కణాలు. మనిషికి 8,600 కోట్లు. అదే సంవత్సరం మనిషి మెదడులో ఒక్క ఘనపు మిల్లీమీటరు తునకను పటం గీసి ప్రకటిస్తే, అది 1,400 టెరాబైట్లు పట్టింది. తల మొత్తంలో అలాంటి తునకలు సుమారు పన్నెండు లక్షలు ఉంటాయి. పైగా ఆ తునకను వెంట్రుకకంటే ఎన్నో వందల రెట్లు పలచని పొరలుగా కోశారు. అసలు కాగితాన్ని ముక్కలు చేస్తేగాని నకలు రాని పద్ధతి మన రికార్డు రూములో ఉంటే రికార్డు కీపరును సస్పెండు చేసేవారు!

రేపో మాపో వస్తుందనే అనుకుందాం. బేతాళుడు విక్రమార్కుణ్ణి ఇలాంటిదే అడిగాడు. ఇద్దరు చనిపోతే అమ్మవారి దయతో బతికించే తొందరలో ఆ పిల్ల ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతికించింది. భర్త ఎవరు? తల ఎవరిదో అతడే భర్త అన్నాడు విక్రమార్కుడు. ఇంగ్లండులో జాన్ లాక్ అనే తత్త్వవేత్త 1694లో, ఒక రాజకుమారుడి జ్ఞాపకాలు చెప్పులు కుట్టేవాడి దేహంలోకి పోతే అతడు రాజకుమారుడే అని రాశాడు. జ్ఞాపకం ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టు. వినడానికి బాగానే ఉంది. కానీ అదే తలను రెండుగా అచ్చువేస్తే భర్త ఎవరని బేతాళుడు అడగలేదు. అడిగివుంటే విక్రమార్కుడు ఆ రాత్రి చెట్టుకిందే కూర్చుండిపోయేవాడు.

లాక్‌గారి మాట నాకెందుకు రుచించదో చెబుతాను. మన సంఘానికి చాలాకాలం కోశాధికారిగా ఉన్న మిత్రుడొకరు ఉన్నారు. వారి శ్రీమతిగారి అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. పైసా తేడా వస్తే రాత్రి నిద్రపోయేవారు కాదు. నాలుగేళ్ళుగా మతిమరుపు జబ్బు. నన్ను గుర్తుపట్టరు. "మీరెవరమ్మా" అని భార్యనే అడుగుతారు. ఆవిడ నవ్వి, పేరు చెప్పి, పెరుగన్నం కలిపి ముద్దలు పెడతారు. ఏ కాగితం చేతికిచ్చినా ఎడమవైపు మార్జిను మడిచి, గోటితో గీత గట్టిగా నొక్కి పక్కన పెడతారు. అదొక్కటే మిగిలింది.

ఇప్పుడు ఊహించండి. పదేళ్ళ క్రితం ఆయన మనసుకు నకలు తీసి ఉంచారు. ఆ నకలు ఇవాళ సంఘం ఖాతా గడగడా అప్పజెబుతుంది, పెళ్ళినాటి ముచ్చట్లు చెబుతుంది. జ్ఞాపకమే మనిషి అయితే కోశాధికారిగారు ఆ పెట్టెలో ఉన్నారు. మంచంమీద కూర్చున్నది ఎవరో పరాయివాడు. ఈ మాట ఆ ఇల్లాలి ముందు అనడానికి నాకు నోరు రాదు. అయినా ఒకరోజు మెల్లగా అడిగాను. ఆవిడ అన్నది ఇది: "అలాంటి పెట్టె ఉంటే మాట్లాడుకోనా అన్నయ్యగారూ, రోజూ మాట్లాడుకుంటాను. కానీ అన్నం వేళకి లేచి ఈయన దగ్గరికే వస్తాను గదా." ట్రెజరీవారి లెక్కా అదే. పెన్షన్ ఆయన పేరనే వస్తోంది, ఆయన బతికివున్నందుకే వస్తోంది.

కాగితం కూడా మనిషి కాదు. ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లావాడు లాల్ బిహారీ అనే ఆయన్ను 1970ల నడుమ భూమి కాజేయడానికి బంధువులు రికార్డులో చంపేశారు. 1994 దాకా ఆయన కాగితంమీద శవమే. పేరు చివర "మృతక్" అని తగిలించుకుని, తనలాంటివారిని కూడగట్టి సంఘం పెట్టి పోరాడాడు. ఆ రికార్డులో అక్షరం రాసింది మనవంటి గుమాస్తాయే, మరిచిపోవద్దు. మనకూ వేలిముద్రలు అరిగిపోయి లైఫ్ సర్టిఫికెట్ యంత్రం ఒప్పుకోని రోజులున్నాయి. యంత్రం ఒప్పుకోకపోతే మనం మనం కాకుండా పోలేదు.

మరి ముప్పై ఏళ్ళనాటి నేనూ ఈ నేనూ ఒకరమెట్లా? పెన్షను పుస్తకంలో ఫోటోకూ నాకూ పోలిక తగ్గిపోతోంది. నాకు తోచింది మన సర్వీసు రూలే. మధ్యలో బ్రేకు లేకపోవడం. నిద్రపోయినా, ఆపరేషనుకు మత్తు ఇచ్చినా అది సెలవు లాంటిది. పోస్టుమీద లీను పోదు. ఈ దేహం ఆ లీనును కాపాడుతుంది. నకలు సంగతి అట్లా కాదు. అవే అర్హతలతో, అదే దస్తూరీతో కొత్త నియామకం. మనిషి పోయాక నడిపిస్తే మహా అయితే కారుణ్య నియామకం అనండి. తండ్రి కుర్చీలో కొడుకు కూర్చోవచ్చు, తండ్రి కాలేడు. పైగా నకలు తీసిన మర్నాటినుంచి ఎవరి ఎంట్రీలు వారివే. ఆఫీసులో ఎస్.ఆర్. ఒకదారిన, ఇంట్లో డూప్లికేటు ఎస్.ఆర్. ఒకదారిన పోయి రిటైర్మెంటునాడు ఎంత తిప్పలు పడ్డామో మీలో చాలామందికి అనుభవమే.

డెరెక్ పార్ఫిట్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త 1984లో అచ్చయిన పుస్తకంలో ఇంకో మెలిక పెట్టాడు. ఒక యంత్రం మనిషిని నకలు తీసి అంగారకుడిమీద అచ్చం అలాంటివాణ్ణి తయారుచేస్తుంది. ఇక్కడి మనిషి గుండె ఆ యంత్రం వల్ల దెబ్బతిని నాలుగు రోజుల్లో పోతాడు. నకలు అక్కణ్ణించి తెరమీద కనిపించి, నీ ఇల్లాలిని, పిల్లల్ని నేను చూసుకుంటాను, దిగులు పడకు అంటాడు. ఇది బతికివుండడానికి ఇంచుమించు సమానమే, "అదే మనిషా" అన్న ప్రశ్నకు మనమిచ్చే విలువ ఎక్కువ అంటాడు పార్ఫిట్. ఈ వాదన నన్ను చాలారోజులు వదలలేదు. పిల్లల వైపునుంచి నిజమే కావచ్చు. కానీ నాలుగు రోజుల్లో పోయేవాడు కౌంటరుకు ఇవతల నిలబడ్డాడు, వాడికి ఆ రసీదు చెల్లదు. అయితే మెదడులో కణాలను ఒక్కొక్కటిగా, ఏళ్ళ తరబడి, మనిషి మెలకువగా ఉండగానే మార్చుకుంటూ పోతే? చిరిగిన రిజిస్టరును ఆకు తరువాత ఆకు తిరగరాసినట్టు? అక్కడ నా దగ్గర రూలు లేదు. పై ఆఫీసుకు రాయవలసిందే.

గొంతు నకలు మాత్రం వచ్చేసింది. మన బాలసుబ్రహ్మణ్యంగారు 2020 సెప్టెంబరు 25న పోయారు. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును అనుమతి లేకుండా యంత్రంచేత పలికించారని కుమారుడు చరణ్‌గారు 2024లో లీగల్ నోటీసు పంపారు. గమనించండి, అనుమతి అడగవలసింది కొడుకును. నకలే బాలుగారైతే దాన్నే అడిగితే సరిపోయేది గదా!

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగం చేసే మా మనుమడు రోజుకో గంట ఫోనులో మాట్లాడి పెట్టమన్నాడు. నా డైరీలు, ఉత్తరాలు కూడా కలిపి, నా తరువాత నాలాగే మాట్లాడేది తయారుచేస్తాడట. మా అమ్మాయికి గిట్టలేదు. "ఆ పెట్టె మాట్లాడుతూ కూర్చుంటే తద్దినం ఎవరికి పెట్టమంటారు నాన్నా?" అన్నది. దానికి వాడిదగ్గర జవాబు లేదు. నేను ఒప్పుకున్నాను, షరతులమీద. మాట్లాడిన ప్రతిసారీ "నేను నకలును" అని ముందు చెప్పాలి. ఆస్తి విషయం, పెళ్ళి సంబంధం విషయం దాన్ని అడగకూడదు. తద్దినం నాడు తీయకూడదు.

పదకొండు రోజులు మాట్లాడాను. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన డ్యూటీ దగ్గరకు వచ్చేసరికి ఫోను ఆపేశాను. శవాల జాబితా రాసిన ఆ పది రోజులు మా ఇంట్లోనే ఎవరికీ చెప్పలేదు, నకలుకు ఇవ్వదలచుకోలేదు. "అది లేకపోతే నకలు పూర్తికాదు తాతయ్యా" అన్నాడు మనుమడు.

"అయితే పైన ఎక్స్‌ట్రాక్టు అని రాసుకోరా" అన్నాను.

భోజనాలకు వేళయిందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు.