బండి లాగుట లేదన్నచో ముందేమి చూడవలెను?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సమాజ వికాస పథకము 1952 అక్టోబరు 2న మన దేశమున ఆరంభమైనది. ఆ దినములలో బ్లాకు జీపు దుమ్ము రేపుకొనుచు రాగా పిల్లలు వెంట పరుగెత్తిన ముచ్చట మీ పెద్దలు చెప్పగా వినియుందురు. సమితులు పోయి మండలములు వచ్చినవి. జీపు మాత్రము పల్లెను విడువలేదు. నాలుగు చక్రములకును శక్తి నందించు ఆ పాత బండ్లు కొండ గ్రామములలో నేటికిని సంతకు సరకును, ఆసుపత్రికి రోగులను చేర్చుచున్నవి. 108 వాహనము ఎక్కలేని దారిలో నొప్పులు పడుచున్న స్త్రీని ఎక్కించుకొన్న జీపు, మలుపు వద్ద ఎత్తు ఎక్కలేక నిలిచిపోయినచో ఏమగునో మీకు వేరుగా చెప్ప నక్కరలేదు.

ముందుగా చట్టము మాట ఒకటి. 2023 ఏప్రిల్ 1 నుండి, పంచాయతీలతో సహా ప్రభుత్వ సంస్థల వాహనములకు 15 సంవత్సరములు నిండినచో రిజిస్ట్రేషను చెల్లదు. కావున మేము చెప్పబోవునది గ్రామస్థుల సొంత జీపులను గూర్చి. సొంత బండికి 15 సంవత్సరములు దాటినను, తనిఖీలో నెగ్గినచో మరి 5 సంవత్సరములకు రిజిస్ట్రేషను పునరుద్ధరింతురు. ఊరి అవసరమునకు బండిని కుదుర్చునపుడు ఆ కాగితమును అడిగి చూడుడు.

"బండి లాగుట లేదు" అనగానే "ఇంజను బోరుకు వచ్చినది" అను తీర్పు వినవచ్చును. ఆ తీర్పు వేల రూపాయల ఖర్చు. అనేక పర్యాయములు దోషము ఇంజనులో ఉండనే ఉండదు. కొంత దూరము నడిపి ఆపి, నాలుగు చక్రముల డ్రమ్ముల వద్దకు చేయి మెల్లగా చేర్చి చూడుడు. ఒకటి మిగిలిన వానికంటె మిక్కిలి కాలుచున్నచో అచట బ్రేకు పట్టుకొని యున్నది. యాక్సిలేటరు త్రొక్కగా ఇంజను మ్రోత పెరిగి వేగము పెరుగనిచో క్లచ్చి జారుచున్నది. ఈ రెంటికిని ఇంజను విప్పుట దండుగ.

ఫోర్ వీల్ లివరును గూర్చి కొంచెము వివరింతుము. ఈ పాత జీపులలో ఆ లివరు వేయగానే ముందు ఇరుసునకు, వెనుక ఇరుసునకు పోవు షాఫ్టులు రెండును ఒకే వేగమున తిరుగును. మలుపులో ముందు చక్రములు వెనుక చక్రములకంటె ఎక్కువ దూరము తిరుగవలెను. బురదలోను, ఇసుకలోను చక్రము కొద్దిగా జారి ఆ తేడా తీరిపోవును. తారు రోడ్డుపై జారదు. అందువలన షాఫ్టులు మెలిపడి బండి బిగిసికొనును, ఇంజను మూలుగును, గేర్లు అరుగును. బురద దాటిన పిదప లివరు తీయుట మరచి, ఇంజనును నిందించు వారిని మేము చూచియున్నాము. ముందు ఒక సైజు, వెనుక ఒక సైజు టైర్లు వేసి ఫోర్ వీల్‌లో నడిపినను ఇదే బాధ.

ఇక ఇంజనునకు వత్తము. డీజిలు ఇంజనునకు కావలసినవి గాలి, నూనె, తగినంత ఒత్తిడి. పాత జీపులలో గాలి ఫిల్టరు అడుగున నూనె గిన్నె యుండును. దుమ్మును ఆ నూనె పట్టుకొనును. వేసవిలో మట్టి రోడ్లపై తిరిగిన బండి గిన్నె తీసి చూచినచో నూనె గాక బురద కనిపించును. కడిగి, గుర్తు వరకే క్రొత్త నూనె పోయవలెను. గుర్తు దాటరాదు. ఎక్కువైన నూనెను ఇంజను పీల్చుకొని, డీజిలు ఆపినను ఆగక పరుగెత్తు ప్రమాదము కలదు.

డీజిలు సరఫరా విషయములో మా అనుభవమే చెప్పెదము. 2012లో మా ప్రచార జీపు ఘాట్ ఎక్కుచు అరగంట చక్కగా నడచి, పిదప శక్తి చాలక నిలిచిపోయెడిది. పది నిముషములు ఆగినచో తిరిగి మామూలుగా నడచెడిది. ఒక వర్క్‌షాపు వారు పంపు విప్పి బాగుచేసి, నాజిళ్లు మార్చి, పెద్ద బిల్లు వేసిరి. మరునాడు అదే మలుపున అదే కథ. ఆ సాయంకాలము సినిమా చూడవచ్చిన ఊరివారు చీకటి పడువరకు కాచి ఇండ్లకు పోయిరని తరువాత తెలిసి సిగ్గుపడితిమి. తుదకు ఒక వృద్ధ డ్రైవరు బండి నిలిచిన చోటనే ట్యాంకు మూత విప్పెను. బుస్సుమని గాలి లోనికి పోయెను, బండి కదిలెను. పాత మూత పోగా, గాలి రంధ్రము లేని మూత నెవరో బిగించిరి. డీజిలు ఖర్చగుకొలది ట్యాంకులో శూన్యమేర్పడి పంపునకు నూనె అందుట లేదు. ఆగి ఆగి బాగుపడు జబ్బునకు ముందు మూత విప్పి చూచుటకు కాసు ఖర్చు లేదు.

మూతలో దోషము లేనిచో డీజిలు ఫిల్టరులో నీరు చేరినదేమో, రబ్బరు గొట్టము పగిలి గాలి పీల్చుచున్నదేమో చూడవలెను. గాలి పట్టినచో ఫిల్టరు పైనున్న స్క్రూ వదులు చేసి, చేతి పంపును కొట్టుచు బుడగలు పోవువరకు డీజిలు వదలవలెను.

పొగ కూడ కొంత చెప్పును. నల్లని పొగ ఎక్కువగా వచ్చినచో గాలి చాలలేదు, లేదా నాజిలు డీజిలును సరిగా చిమ్ముట లేదు. నీలి పొగ ఇంజను ఆయిలు కాలుటకు గుర్తు. ఇంజను వేడెక్కిన పిదపను తెల్లపొగ ఆగనిచో డీజిలు పూర్తిగా మండుట లేదు. టైమింగు గాని, ఒత్తిడి గాని తప్పియుండును. నీలి పొగతో పాటు, ఇంజను నడచుచుండగా ఆయిలు పోయు మూత తీసినపుడు గుప్పుగుప్పున పొగ వచ్చినచో బోరు మాట నమ్మవచ్చును. అప్పటికిని సిలిండర్ల ఒత్తిడి కొలిపించి, అంకెలు కాగితముపై వ్రాయించి, ఆ పిమ్మట ఇంజను విప్పనిండు. నడచుచున్న ఇంజను నాజిలు గొట్టముల వద్ద ఎవరును చేయి పెట్టరాదు. అచట చిమ్ము డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము చిన్నదిగా కనిపించినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

విల్లీస్ రకపు పెట్రోలు ఇంజనులు నేడు అరుదు. ఉన్నవారు పాయింట్ల సందు 0.020 అంగుళము, ప్లగ్గు సందు 0.030 అంగుళము ఉన్నదా, ప్లగ్గు తీగలు 1-3-4-2 వరుసలో ఉన్నవా అని చూచుకొన్న పిదపనే కార్బురేటరు జోలికి పోవలెను.

మీ ఊరి జీపు ఒకటి బయట చింతచెట్టు క్రింద నిలిపియున్నది. ఎత్తులో లాగుట లేదని దాని యజమాని చెప్పుచున్నాడు. ప్రశ్నలు అచటనే అడుగవచ్చును. బానెట్ ఎత్తుదము, రండి.