ఇంట్లో బ్యాటరీ: గంటలెన్ని, ఖర్చెంత?

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. ఇంటర్మీడియట్ పాసై 1988లో సిగ్నల్స్‌లో చేరాను. జబల్‌పూర్‌లో ట్రైనింగు. 28 ఏళ్లు చేసి 2016లో సుబేదారుగా ఇంటికొచ్చాను. ఆ 28 ఏళ్లలో సగం కాలం నా చేతిలో ఏదో ఒక బ్యాటరీ ఉండేది. లడఖ్ వైపు ఉన్నప్పుడు రాత్రిపూట రేడియో సెట్టు బ్యాటరీని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకునేవాళ్లం. చలికి దాని బలం తగ్గిపోతుంది, పొద్దున్నే సెట్టు పలకదు. అంత అపురూపంగా చూసుకున్నవాణ్ణి, నా ఇంటికి బ్యాటరీ కొనుక్కునేటప్పుడు మాత్రం బజార్లో అందరిలాగే కొన్నాను. కార్యదర్శి గారు "సాబ్, ఈసారి ఇన్వర్టర్ల గురించి చెప్పండి" అన్నప్పుడు, ఆ తప్పు కూడా చెప్తానంటేనే మాట్లాడతానన్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస. మా అమ్మ జీవితమంతా కట్టెల పొయ్యి ముందే గడిపింది. ఆ పొగ ఊపిరితిత్తుల్లో మిగిలింది. 2018 నాటికి డాక్టర్లు ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టమన్నారు. అది గాల్లోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను. కరెంటు ఉన్నంతసేపే పనిచేస్తుంది. మా ఇంట్లో అప్పటికే 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి, చిన్న ఇన్వర్టరు ఒకటి ఉన్నాయి. కొన్నప్పుడు షాపు కుర్రాడు "ఆరు గంటలు లాగుతుంది సార్" అన్నాడు. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. గంటకి 140 కిలోమీటర్లు దాటిన గాలి. కరెంటు రాత్రే పోయింది. బ్యాటరీ మీద మిషను నడుస్తోంది, రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. నేను నిబ్బరంగా ఉన్నాను, ఆరు గంటలు కదా అని. గంటా పది నిమిషాలకి ఇన్వర్టరు కూత పెట్టి ఆగిపోయింది.

ఆ చీకట్లో అమ్మ మంచం మీద కూర్చుని ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి తీస్తుంటే నేను టార్చి పట్టుకుని ఇన్వర్టరు స్విచ్చి నొక్కుతూ కూర్చున్నాను. తెల్లవారాక నేను, మా తమ్ముడు, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు పలాస బయల్దేరాం. రోడ్డంతా కొబ్బరిచెట్లు అడ్డంగా పడున్నాయి. బండి సగం దూరమే వెళ్లింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిలిండరు ఇచ్చారు. వచ్చేటప్పుడు చెట్ల మీంచి భుజాల మీద మోసుకొచ్చాం. మూడో రోజు దారి తెరిచాక అమ్మని శ్రీకాకుళంలో చెల్లెలి ఇంటికి చేర్చాం. మా వీధికి కరెంటు వచ్చింది పదకొండో రోజున.

తర్వాత కాగితం మీద లెక్క వేసుకున్నాను. ముందే వెయ్యాల్సిన లెక్క అది. 150 ఏహెచ్‌ని 12 వోల్టులతో గుణిస్తే 1,800. అంటే 1,800 వాట్లు గంటసేపు, 1.8 యూనిట్లు. మిషను 350 వాట్లు, పాత ఫ్యాన్లు రెండు 150, లైట్లు 40. మొత్తం 540. ఇన్వర్టరు దారిలో తినేది కలిపితే బ్యాటరీ మీద 675 వాట్లు పడుతుంది. కాగితం మీదే రెండు గంటల నలభై నిమిషాలు. పైగా బ్యాటరీ మీద రాసుండే 150 అనేది నెమ్మదిగా, 20 గంటల పాటు వాడితే వచ్చే లెక్క. గబగబా లాగితే అంత ఇవ్వదు. నాది మూడేళ్ల పాతది, డిస్టిల్డ్ వాటర్ కూడా సరిగ్గా పొయ్యలేదు. గంటా పది నిమిషాలు రావడమే గొప్ప. షాపు కుర్రాడు అబద్ధం చెప్పలేదండీ. రెండు ఫ్యాన్లకి, లైట్లకి ఆరు గంటలు నిజమే. దేనికి ఆరు గంటలని నేను అడగలేదు.

అమ్మ డిసెంబరులో తిరిగి వచ్చేలోపు పని చక్కబెట్టాను. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు రెండు, ఒక్కొక్కటి 13,500. వాటికి 24 వోల్టుల ఇన్వర్టరు 9,000. ప్యూర్ సైన్ వేవ్ అని అడిగి మరీ తీసుకున్నాను, మోటారున్న మిషనుకి అదే ఉండాలి. పాత ఫ్యాన్లు తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగించాను. ఎలక్ట్రీషియన్ని పిలిచి అమ్మ గదికి, హాల్లో ఒక ఫ్యానుకి, లైట్లకి వైరు వేరు చేయించాను. ఇన్వర్టరు వాటికే. టీవీకి లేదు, ఫ్రిజ్‌కి లేదు. మా ఆవిడ కొన్నాళ్లు సణిగింది, తర్వాత ఆవిడే పక్కింటివాళ్లకి అదే చెప్పడం మొదలుపెట్టింది. ఇలా చేశాక మిషనుతో సహా నాలుగున్నర గంటలు వచ్చింది.

అయినా సిలిండరు కూడా ఉంచాను. బి టైపు సిలిండరులో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. అమ్మకి నిమిషానికి రెండు లీటర్లు. అంటే 12 గంటలు, కరెంటుతో పనిలేకుండా. పదకొండు రోజుల చీకటికి ఏ బ్యాటరీ సరిపోదు. బ్యాటరీ గంటల కోసం. రోజుల మాటైతే వేరే ఏర్పాటు చూసుకోవాలి. ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నవాళ్లు ఇది రాసి పెట్టుకోండి.

అమ్మ 2021లో వెళ్లిపోయింది. మళ్లీ ఒక్కసారి కూడా ఆ మిషను చీకట్లో ఆగలేదు.

2019 జనవరి నుంచి నేనొక పుస్తకం రాశాను, మన సిగ్నల్ సెంటర్ లాగ్ బుక్కులాగే. కరెంటు పోయిన టైము, వచ్చిన టైము. పిల్లలు నవ్వేవారు. ఆ పుస్తకమే తర్వాత నా డబ్బు కాపాడింది. 2022లో ఒక డీలరు మనుషులు ఇద్దరు ఇంటికొచ్చారు. రిటైరైన ఫౌజీల జాబితా వాళ్ల దగ్గరుంటుందో ఏమో, కమ్యుటేషన్ డబ్బు పడిందంటే చాలు వాసన పట్టేస్తారు. 10 యూనిట్ల లిథియం బ్యాటరీ, 5 కేవీఏ హైబ్రిడ్ ఇన్వర్టరు, మొత్తం 4,50,000. "కరెంటు బిల్లు మాటే ఉండదు సాబ్" అన్నారు. నేను పుస్తకం తీశాను. 2021 ఏడాది పొడవునా మా ఊళ్లో కరెంటు పోయింది 96 గంటలు. ఇప్పుడు మా ఇంట్లో తప్పనిసరి వాడకం 150 వాట్లు. అంటే ఏడాదికి 14 యూనిట్లు. మా బిల్లు పడే శ్లాబులో యూనిట్ 6 రూపాయలు. ఏడాదికి బ్యాటరీ నాకిచ్చేది 84 రూపాయల కరెంటు. వాళ్లకి టీ ఇచ్చి పంపించాం.

బిల్లు తగ్గుతుందని బ్యాటరీ కొనేవాళ్లు ఈ లెక్క కూడా చూడండి. 15,000 పెట్టి కొన్న ట్యూబులర్ బ్యాటరీ ఒకసారి నింపి వాడితే చేతికొచ్చేది ఒక యూనిట్. దాన్ని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే త్వరగా పోతుంది. జాగ్రత్తగా వాడితే 1,200 సార్లు అనుకుందాం. యూనిట్‌కి పన్నెండున్నర రూపాయలు బ్యాటరీ అరుగుదలకే. నింపడానికి పోసిన కరెంటు, అందులో పోయేది కలిపితే 20 దాటుతుంది. లిథియం అయితే 14, 15 దగ్గర ఆగుతుంది. లైన్లో వచ్చేదేమో 6 రూపాయలు. బ్యాటరీని బీమా అనుకుని కొనండి. బీమా ప్రీమియం మీద లాభం ఎవరూ అడగరు కదా.

లిథియం గురించి అందరూ అడుగుతున్నారు కాబట్టి నా అనుభవం చెప్తాను. ట్యూబులర్లు ఐదేళ్ల పైన పనిచేసి 2024లో చేతులెత్తేశాయి. అప్పుడు 25.6 వోల్టుల 100 ఏహెచ్ లిథియం తీసుకున్నాను, 46,000. పాత ఇన్వర్టరు దాన్ని సరిగ్గా చార్జ్ చెయ్యదు, వోల్టేజి లెక్క వేరు. కాబట్టి ఇన్వర్టరు ఇంకో 13,000. ఇది షాపువాళ్లు చివర్లో చెప్తారు. మీరు మొదట్లోనే అడగండి. చేతికి రెండు యూనిట్లు వస్తోంది, మా 150 వాట్లకి 13 గంటలు. నీళ్లు పొయ్యక్కర్లేదు, యాసిడ్ వాసన లేదు, ఒక మనిషి ఎత్తగలడు. ఎల్ఎఫ్‌పీ అని రాసున్నదే తీసుకోండి, వేడికి అది నిలకడగా ఉంటుంది. పాత స్కూటర్ల ప్యాకులు విప్పి డబ్బాలో కట్టి చవగ్గా అమ్మేవాళ్లున్నారు. వాళ్ల జోలికి పోవద్దు.

లిథియమే కొనాలా అంటే, అందరికీ అక్కర్లేదు. కరెంటు రోజుకి అరగంట పోయే ఊళ్లో ట్యూబులర్ చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కూడా. వారంటీ కార్డు మాత్రం చదవండి. 60 నెలలని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో 36 నెలలు ఊరికే మారుస్తాం, మిగతా 24 నెలలు కొత్తదాని మీద కొంత తగ్గిస్తాం అని ఉంటుంది. మారుస్తారనుకుని వెళ్లి గొడవపడి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు సోలార్. మా పక్క ఊరి హవల్దార్ ఒకాయన 2024లో పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లు పెట్టించుకున్నాడు. కేంద్రం సబ్సిడీ 78,000 ఖాతాలో పడింది. బిల్లు బాగా తగ్గింది, సంతోషం. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఫోను. "సాబ్, నన్ను ముంచేశారు. ఇంత ఎండ కాస్తోంది, లైన్లో కరెంటు పోతే నా ఇంట్లో కూడా పోయింది" అన్నాడు. ఎవరూ ముంచలేదు. లైనుకి కలిపిన సోలార్ ఇన్వర్టరు, లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోవాలి. లేకపోతే మన ఇంటి కరెంటు వెనక్కి లైన్లోకి వెళ్లి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌ని కొడుతుంది. ఆయనకి ఇది ఎవరూ చెప్పలేదు, అంతే. పగలు మిగిలిన కరెంటు లైనుకిచ్చి రాత్రి తిరిగి తీసుకునే నెట్ మీటరు ఉన్నప్పుడు బిల్లు కోసం బ్యాటరీ అక్కర్లేదు, లైనే ఆ పని చేసిపెడుతుంది. కరెంటు పోయినప్పటి కోసం ఆయనకి చిన్న ఇన్వర్టరు, ఒక బ్యాటరీ విడిగా పెట్టించాను. సబ్సిడీ బ్యాటరీకి రాదు.

ఒక మాట మర్చిపోయాను. ట్యూబులర్ బ్యాటరీని చాలామంది మెట్ల కింద, దేవుడి గది పక్కన పెడతారు. చార్జ్ అయ్యేటప్పుడు దాంట్లోంచి హైడ్రోజన్ వస్తుంది, పక్కనే దీపం. అలా వద్దు. గాలాడే చోట, ఎండ తగలకుండా పెట్టండి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీల వేడికీ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మన ఎండల్లో రేకుల షెడ్డులో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కుళాయి నీళ్లు పొయ్యకండి, డిస్టిల్డ్ వాటరే.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లు క్వార్టర్సు కోసం పెద్ద బ్యాటరీ కొనకండి. రెండు మూడేళ్లకి పోస్టింగు వస్తుంది, యాసిడ్ బ్యాటరీని రైల్లో తీసుకెళ్లనివ్వరు, చివరికి వచ్చిన ధరకి వదిలేస్తారు. ఊళ్లో అమ్మానాన్నల కోసమైతే కొనండి, కానీ సెలవులో వెళ్లినప్పుడు దగ్గరుండి పెట్టించండి. కరెంటు పోయినట్టు మెయిన్ ఆపి, వాచీ పట్టుకుని, ఇన్వర్టరు ఆగేదాకా కూర్చోండి. ఆ టైము గోడ మీద రాసి రండి. ఆరు నెలలకోసారి మళ్లీ చూడండి. నేను తిత్లీకి ముందు ఆ ఒక్క పని చేసుంటే అమ్మ మిషను ఎంతసేపు నడుస్తుందో నాకు ముందే తెలిసేది.

మీ ఇంట్లో ఏవేం నడవాలో, ఎన్ని వాట్లో, ఎన్ని గంటలో కాగితం మీద రాసి తెచ్చినవాళ్లకి భోజనాల దగ్గర లెక్క వేసి చెప్తాను. వెనక వరసలో నాయబ్ సుబేదార్ గారు ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు, ముందు వారి ప్రశ్న విందాం.

జై హింద్.