నియంత నిర్దోషియని తేలినచో?

(అమలాపురమున ఒక పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసపాఠము)



గడచిన వారము ఇచ్చట పత్రికలు చదువుకొనుచున్న మిత్రుడొకడు మమ్మడిగెను: "పదవినుండి కూలద్రోయబడిన నియంతను బోనులో నిలిపి, తుదకు న్యాయస్థానమే నిర్దోషియని విడిచిపెట్టినచో ఏమి గతి? అంతకంటె విచారణ లేకయే శిక్షించుట మేలు కాదా?" ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయరాదు. నిరంకుశుని పాలనలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి అడుగునదియు నిదియే. న్యాయవాదవృత్తిలో నున్న మేము దీనికి సమాధానము చెప్పవలసినవారమే.

దూరదేశముల మాట తరువాత. మన తెలుగునేలమీదనే ఈ చిక్కు ఒకమారు వచ్చినది. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానము లొంగిపోవునాటికి అచ్చటి నిరంకుశత్వమునకు మూడు ముఖము లుండెను. సింహాసనము మీర్ ఉస్మాన్ అలీఖానుది. ప్రధానమంత్రిత్వము మీర్ లాయక్ అలీది. వీధులలోని బలము రజాకార్ల నాయకుడగు కాశిం రజ్వీది. ఈ రజ్వీ లాతూరులో వకీలు. మా వృత్తివాడేయని చెప్పుటకు సిగ్గగుచున్నది.

ఈ మువ్వురికి ఏమి జరిగెను? నిజాము ఏ బోనును ఎక్కలేదు. 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు చివరివరకు రాజప్రముఖుడై గౌరవము లందుకొనెను. లాయక్ అలీ 1950 మార్చిలో గృహనిర్బంధమునుండి తప్పించుకొని పాకిస్తాను చేరెను. విచారణకు నిలిచినవాడు రజ్వీ యొక్కడు. సంస్థానము భారతదేశములో చేరుట మేలని వ్రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాను 1948 ఆగస్టులో హత్యచేయబడెను; ఎన్నియో పల్లెలు రజాకార్ల చేతిలో నలిగెను. అయినను తుదకు రజ్వీ అనుభవించినది బీబీనగరు గ్రామముపై జరిగిన దోపిడీ కేసులోని ఏడేండ్ల శిక్ష. 1957లో విడుదలయై పాకిస్తానుకు పోయి, 1970లో కరాచీలో మరణించెను. ఒక పాలనయొక్క పాపమంతయు ఒక దోపిడీ కేసులోనికి కుదించుకొనిపోయినది.

ఆ శిక్షయైనను నిర్వివాదముగా నిలువలేదు. రజ్వీని విచారించినది సైనికగవర్నరు శాసనముచే నేర్పడిన ప్రత్యేక ట్రిబ్యునలు. సామాన్య ముద్దాయికి గల కొన్ని రక్షణలు ఆ పద్ధతిలో లేకుండెను. విచారణ నడుచుచుండగనే రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. చట్టమెదుట అందరును సమానులేయను 14వ అధికరణమును పట్టుకొని రజ్వీ సుప్రీంకోర్టు కెక్కెను. 1953 జనవరిలో న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు ఆ వాదమును త్రోసిపుచ్చిరి. రాజ్యాంగము వచ్చినపిమ్మట నడచిన విచారణలో ముద్దాయికి ముఖ్యమైన రక్షణలు లభించెనని వారి నిర్ణయము. తీర్పు మాత్రము ఏకగ్రీవము కాదు. ప్రజలను సమానులుగ చూడని పాలనకు కత్తిగ నిలిచినవాడు, అదే సమత్వమును శరణువేడుట విచిత్రమే. కాని ఆ శరణు అతనికిని లభించుటలోనే మన రాజ్యాంగముయొక్క గొప్పతన మున్నది.

ఆ భిన్నాభిప్రాయమే తీర్పై యుండినచో ఏమగును? రజ్వీ శిక్ష కొట్టుపడును. 1957లో వెడలినవాడు నాలుగేండ్లు ముందుగ వెడలును. అతని అనుచరులు ఊరేగింపులు చేయుదురు. బాధితుల కడుపు మండును. ఇవి చిన్న విషయములు కావు. కాని రజాకారు రాజ్యము తిరిగి వచ్చి యుండునా? రాదని మా విశ్వాసము. దానిని రానీయకుండ ఆపినది చంచలగూడ జైలు గోడ కాదు. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1952లో ప్రజలు ఓట్లువేసి ప్రభుత్వము నెన్నుకొనిరి. 1956లో ఆ సంస్థానపు ఎల్లలే చెరిగిపోయెను.

గోదావరి యొడ్డున పుట్టినవారికి దీనిని వివరించి చెప్ప నక్కరలేదు. ఏటిగట్టుకు గండికొట్టినవానిపై కేసు కొట్టివేయబడవచ్చును. అంతమాత్రమున గండి పూడదు; వానికి శిక్ష పడినను పూడదు. మట్టిమోసి గట్టు వేసినగాని మరుసటి వరద ఆగదు.

గట్టు వేయనిచోట ఏమగునో ఈజిప్టు చూపినది. 2011లో ప్రజలు హోస్నీ ముబారకును దింపిరి. నిరసనకారుల మరణములకు 2012లో అతనికి యావజ్జీవశిక్ష పడెను. 2017 మార్చిలో అత్యున్నత న్యాయస్థానము అతనిని నిర్దోషియని విడిచెను. 2020లో మరణించినప్పుడు సైనికలాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. ముబారకు తిరిగి గద్దెనెక్కలేదు. ఎక్కవలసిన అవసరమును లేకపోయెను. 2013లోనే సైన్యము అధికారమును మరల చేజిక్కించుకొనెను. అచ్చటి ప్రజల నోడించినది నిర్దోషియన్న తీర్పు కాదు. తీర్పునకు నాలుగేండ్లముందే గండి తిరిగి తెగినది.

అట్లయిన విచారణ ఏలయని మీరడుగవచ్చును. నిర్దోషియని చెప్పుటకు వీలులేని విచారణ విచారణయే కాదు. అది ముందుగ వ్రాసికొన్న తీర్పును చదువుట. న్యూరెంబర్గులో 1946 అక్టోబరు 1న హిట్లరు అనుచరులలో షాఖ్ట్, పాపెన్, ఫ్రిట్షె అను మువ్వురు విడిచిపెట్టబడిరి. నాడు అనేకులు మండిపడిరి. కాని ఆ మువ్వురు విడువబడుటచేతనే, తక్కినవారి శిక్ష కేవలము గెలిచినవాని పగ కాదని చెప్పుటకు ఆధార మేర్పడినది.

నిర్దోషియనగా నేమి? ఈ నేరమును ఈ మనుష్యుడు చేసెనని సందేహమునకు తావులేకుండ రుజువు కాలేదని మాత్రమే. పాలన మంచిదని కాదు. చచ్చినవారు చావలేదని కాదు. మనుష్యుని విడుచుట న్యాయస్థానము పని. పాలననుగూర్చి తీర్పుచెప్పుట ప్రజల పని. ఆ రెండవపనిని మనము సరిగా చేయలేదు. నిజామును ప్రశ్నింపక రాజప్రముఖుని చేసితిమి. మరియొక సత్యమునుకూడ ఒప్పుకొనవలయును. సైనికచర్య కాలమునను తరువాతను ముస్లిములపై జరిగిన ఘోరములను 1948 చివర పండిత సుందరలాల్ సంఘము విచారించి, 27 వేలనుండి 40 వేలమంది చనిపోయిరని అంచనావేసెను. ఆ నివేదికను ప్రభుత్వములు దశాబ్దములతరబడి బయటపెట్టలేదు. ఓడినవారిపక్షమున చంపినవారికి బోను, గెలిచినవారి నీడలో చంపినవారికి మౌనము అయినచో, బోనులోనివానికి శిక్షపడినను న్యాయము జరిగినదని ఎవరు నమ్ముదురు?

కావున మిత్రునికి మా సమాధాన మిది. నియంతను విచారింపుడు, సాక్ష్యము చాలనిచో విడువుడు. కాని అతడు ఏ పోలీసుతో, ఏ శాసనముతో, ఏ భూస్వామ్యముతో ఏలెనో వానిని విడువకుడు. బాధితుల వాఙ్మూలములను అచ్చువేయుడు. అవి ఇట్టి పఠనమందిరముల బీరువాలలో నుండవలయును. తీర్పుతో కేసు మూయబడును. వారి మాట మూయబడరాదు.

ఈ జిల్లా నేడు డాక్టరు అంబేద్కరు పేర నున్నది. ఆయన అధ్యక్షతన కూర్చబడిన రాజ్యాంగము సమత్వమును మంచివారికి మాత్రమే దాచియుంచలేదు, రజ్వీకిని ఇచ్చినది. ఆ పేరును మోయుచున్న మనము, శత్రువు విషయమునను ఆ అధికరణమును సహింపగలమా? సహింపగలిగిననాడు ఏ నియంత విడుదలయైనను మనకు భయములేదు.