నూతన సంవత్సరము – భాషాభ్యాసము

ఉగాది నాడు పంచాంగ శ్రవణమైన పిదప ప్రతివారును తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత యని చూచుకొందురు. భాషల విషయమున అట్టి లెక్క యొకటి వేసికొనగా, గడచిన సంవత్సరమున మాకు ఆదాయము రెండు, వ్యయము పదునాలుగు అని తేలినది. వ్యయమనగా పుస్తకములకైన రొక్కము. కన్నడము, తమిళము, హిందీ అను మూడు భాషలను మరల ఉగాది వచ్చునాటికి నేర్చి తీరవలెనని కిందటి ఉగాది నాడు సంకల్పించితిమి. మూడు వ్యాకరణములు, మూడు నిఘంటువులు, మూడు రంగుల అట్టలు గల నోటుబుక్కులు కొంటిమి. మొదటి వారమున దినమునకు మూడు గంటలు కూర్చుంటిమి. రెండవ వారమున బంధువుల ఇంట పెండ్లి వచ్చినది. మూడవ వారమున, తప్పిపోయిన దినముల పాఠములను కూడ కలిపి చదువవలెను గదా యను భయముచేత పుస్తకము తెరువనే లేదు. వైశాఖము ముగియునప్పటికి అవి యన్నియు అలమారలో పై అరకు చేరెను.

ఈ కథ మా ఇంటిది మాత్రమే కాదని శ్రోతలలో పలువురు ఒప్పుకొందురని తలంచుచున్నాము. పుస్తకములు పై అరకు చేరుటవలన ఎవరికేమి నష్టమని అప్పుడు మాకు తోచలేదు. శ్రావణమున తోచినది.

మా కోడలిది మైసూరు ప్రాంతము. ఆమె తల్లి, అనగా మా వియ్యపురాలు, భర్త పోయిన తరువాత మొదటిసారిగా మా యింటికి వచ్చి పదిదినము లుండదలచిరి. ఆమెకు తెలుగు రాదు, మాకు కన్నడము రాదు. అబ్బాయియు కోడలును ఇంట నున్నంతసేపు మాటలకు కొరత లేదు. వారు కొలువులకు పోయిన పిదప మేము కాఫీ అందించుట, ఆమె చిరునవ్వు నవ్వుట, అంతియే సంభాషణ. అయిదవ దినమున ఎవరినో కలిసికొనుటకు స్టేషనుకు పోవలసి, మేము చెప్పులు తొడుగుకొనుచుండగా, ఆమె వరండాలోనికి వచ్చి చాలసేపు ఏమియో చెప్పి, కడపట "నిమగె తొందరె ఆయితా?" అని అడిగిరి. అంత మాటలో మాకు అందినది తొందర యొక్కటే. "అవును వదినగారూ, తొందరే" యని నవ్వుచు తల యూచి వెడలిపోతిమి. మరునాటి బండికే ఆమె ప్రయాణమైరి. ఎవరెంత చెప్పినను ఆగలేదు. నెల గడచిన తరువాతగాని కోడలు అసలు సంగతి చెప్పలేదు. కన్నడమున తొందరె యనగా త్వర కాదు, ఇబ్బంది. భర్తను పోగొట్టుకొన్న మనిషి "నా రాకవలన మీకు ఇబ్బంది కలిగినదా?" యని అడుగగా, మేము నవ్వుచు ఔనంటిమి.

ఉగాదికిని శ్రావణమునకును నడుమ ఇంచుమించు నాలుగు నెలలు. దినమునకు పది నిమిషముల చొప్పున చదివియున్నను అప్పటికి 20 గంటలు కావలసినది. ఆ ఒక్క మాట తెలియుటకు 20 గంటలు అక్కరలేదు.

తప్పు ఎచ్చట జరిగినదని తరువాత తీరికగా ఆలోచించితిమి. మూడు భాషలు నేర్చి తీరవలెననుట కోరికయే గాని పని కాదు. ఏ ఒక్క దినమునను ఆ సంకల్పము నెరవేరినదో లేదో ఎవరును చెప్పలేరు. ఉదయమున కాఫీ డికాషను దిగునంతసేపు కన్నడ పుస్తకము పైకి చదువవలెననునది పని. కాఫీ త్రాగునప్పటికి అది జరిగినదో లేదో తేలిపోవును. భాష ఎప్పుడు వచ్చునో మన చేతిలో లేదు. పుస్తకము తెరచుట మన చేతిలో నున్నది.

ఈ విషయమున మాకు కనువిప్పు కలిగించినది హైన్‌రిఖ్ ష్లీమన్ అను జర్మను వర్తకుని చరిత్ర. 1870 మొదలుకొని ట్రాయి నగరపు దిబ్బలను త్రవ్వించి పేరుగాంచినవాడు ఈయనయే. 1822లో పుట్టిన ఈయన ఇరువదియేండ్లు దాటిన ప్రాయమున ఆమ్‌స్టర్‌డాము నగరమున ఒక వర్తక కార్యాలయములో ఉత్తరములు అందజేయు చిన్న కొలువులో నుండెను. చలికాలమున నిప్పు లేక వణకించి, ఎండకాలమున మాడ్చివేయు మిద్దె గది ఆయన నివాసము. ఏటికి 800 ఫ్రాంకుల జీతములో సగము చదువుకే వెచ్చించెను. ఇంగ్లీషు నేర్చిన తీరును 1880లో వెలువడిన 'ఇలియోస్' అను గ్రంథమున తానే వ్రాసికొనెను. అనువాదము జోలికి పోక, పెద్దగా చదువుట. దినమునకు ఒక గంట తప్పక కూర్చుండుట. తనకు నచ్చిన విషయముపై కొంత వ్రాసి, గురువుచే దిద్దించుకొని, దిద్దినదానిని కంఠస్థము చేసి మరునాడు అప్పగించుట. ఆదివారమున రెండు మారులు ఇంగ్లీషువారి చర్చికి పోయి, ప్రసంగములోని ప్రతి మాటను తనలో తాను మెల్లగా పలుకుకొనువాడట. వానలో పనిమీద పోవునప్పుడును చేత పుస్తకమే, పోస్టాఫీసులో వేచియుండునప్పుడును చేత పుస్తకమే.

ఆరు నెలలకు ఇంగ్లీషు, మరి ఆరు నెలలకు ఫ్రెంచి వచ్చెననియు, ఆపైన డచ్చి, స్పానిషు, ఇటాలియను, పోర్చుగీసు భాషలకు ఒక్కొక్కదానికి ఆరు వారములే పట్టెననియు ఆయన మాట. తన్ను గూర్చి చెప్పుకొనునప్పుడు ఆయన కొంత పెంచి చెప్పెనని పిదపటి పరిశోధకులు అనుమానించిరి. కావున ఆ ఆరువారముల లెక్కను మేము ముట్టము. మాకు కావలసినది ఆయన దినచర్య.

1844లో రష్యను భాషకు పూనుకొనగా నేర్పువారు దొరకలేదు. ఒక పాత వ్యాకరణము, ఒక నిఘంటువు, టెలిమాకస్ కథకు ఒక చెడ్డ అనువాదము దొరకినవి. ఎదుట వినువారున్నచో చదువు బాగుగ సాగునని, వారమునకు నాలుగు ఫ్రాంకు లిచ్చి ఒక బీదవానిని కుదుర్చుకొనెను. ఆ బీదవానికి రష్యనులో ఒక్క ముక్క తెలియదు. ప్రతి సాయంకాలమును వచ్చి రెండు గంటలు కూర్చుండి వినుటయే ఆయన పని. ఆ ఇండ్ల అంతస్తుల నడుమ నున్నవి ఒంటి పలకలే యగుటచే ఆ కేకలు క్రిందివారి చెవుల పడెను. వారు మొరపెట్టగా రెండు మారులు ఇల్లు మారవలసి వచ్చెను! అయినను సాయంకాలపు పాఠము మానలేదు.

మరియొకటి గమనింపవలెను. ఆయన అనేక భాషలు నేర్చెనుగాని అన్నింటిని ఒక్కసారి మొదలుపెట్టలేదు. గ్రీకుపై ఎంతో మోజున్నను, దానిలో బడి వర్తకము మరచిపోవుదునను భయముచే 1856 వరకు దాని జోలికే పోలేదు. ఒక భాషను వాయిదా వేయుట కూడ సంకల్పములో భాగమని మాకు ఇక్కడ తెలిసినది.

కొద్దికొద్దిగా చదువుటకు శాస్త్రాధారము కూడ కలదు. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు అర్థములేని అక్షరముల వరుసలను తానే వల్లించి, తానెంత మరచినదియు తానే కొలిచి ప్రకటించెను. మొదటి గంటలోనే సగమునకు పైగా జారిపోయెననియు, తరువాతి మరపు నెమ్మదియనియు, ఒక్కపూట అదేపనిగా వల్లించుటకంటె కొన్ని దినములకు పంచి వల్లించుట లాభమనియు ఆయన కనుగొనెను. మన వీధిబడులలో సాయంకాలపు వేళ పిల్లలచే ప్రతిదినము ఎక్కములు చెప్పించిన పంతుళ్లకు ఇది వింతగా తోచి యుండదు. హంగరీ దేశమున పేరెన్నికగన్న దుబాసి కటో లోంబ్ (1909–2003) కూడ, ఏమియు వీలుకాని దినమున పది నిమిషములైనను ఆ భాషతో గడుపవలెననియు, అందును ఉదయకాలము విలువైనదనియు చెప్పెను.

ఇక మన భాషల సంగతి. తెలుగువారికి కన్నడము, తమిళము తోబుట్టువులు. మన పాలు, పులి, పది అను మాటలు తమిళమున పాల్, పులి, పత్తు. కన్నడమున హాలు, హులి, హత్తు. పూర్వము కన్నడమున మాట మొదట నున్న పకారము చాలచోట్ల హకారమైనదని తెలిసికొన్నచో అనేక పదములు ముసుగు తీసి పలుకరించును. కన్నడ లిపి మన లిపికి ఎంత దగ్గరనగా, ప్రధానముగ తలకట్టు తీరు పట్టుబడినచో అక్షరములు కొలది దినములలో వచ్చును. కాని ఈ చుట్టరికమే మోసము కూడ చేయును. మన ఇల్లు మనకు నివాసము. కన్నడమున ఇల్ల యనగా లేదు, ఇల్లి యనగా ఇక్కడ. తమిళమున ఇల్లై యనగా లేదు. ఇంటికి వారి మాట వీడు! మన అవసరము వారికి త్వర. హిందీవారికి శిక్ష యనగా చదువు. మేమిప్పుడు ఉపన్యాసమని చేయుచున్నది వారి దృష్టిలో నవల కావలెను. తొందర సంగతి ముందే విన్నవించితిమి. కన్నడ తమిళములను ఒకే నెలలో మొదలుపెట్టినచో ఈ మాటలన్నియు ఒకదానిపై నొకటి పడి, నోటికి ఏది వచ్చునో తెలియదు. గత సంవత్సరమున మాకు జరిగినది కొంత అదియే.

అందుచే ఈసారి తమిళ పుస్తకములను పొరుగింటి విద్యార్థికి ఇచ్చివేసితిమి. ఎదుట నున్నచో చేయి ఊరకుండదు. తమిళము వచ్చే ఉగాదికి. కన్నడము వంటింట, ఉదయమున, డికాషను దిగునంతసేపు. హిందీ ఇదివరకు కొంత పరిచయమున్నది గనుక దానికి రేడియో చాలును: ముందు తెలుగు వార్తలు విని, పిదప హిందీ వార్తలు వినుట. మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, సంగతులు అవియే యగుటచే చెవి తక్కినదానిని తానే కూడబెట్టుకొనును. సంస్కృతముపై రుచిగలవారు ఆ భాషా వార్తలతోను ఇట్లే చేయవచ్చును; ఆకాశవాణి వానిని 1974లో ప్రారంభించినది. చోటు వేరు, వేళ వేరు అగుటచే రెండు భాషలు ఒకదాని దారికి ఒకటి అడ్డురాలేదు.

ఉగాది దాక ఆగక, నలుబది దినములనాడే మొదలుపెట్టితిమి. చదివిన దినమున వంటింటి క్యాలెండరుపై సిరాచుక్క యొకటి పెట్టుదుము. చదువని దినము ఖాళీ. ఆ ఖాళీని మరునాడు రెండింతలు చదివి పూడ్చరాదని నియమము. కిందటి ఏడు మమ్ము ముంచినది ఆ పాఠముల బాకీయే. అయితే వరుసగా రెండు ఖాళీలు రానీయరాదు. జ్వరము వచ్చినను ఒక్క వాక్యము చదివిన చుక్క పెట్టవచ్చును. ఇప్పటికి 40 దినములలో 31 చుక్కలు. తొమ్మిది ఖాళీలలో నాలుగు ప్రయాణములవి, తక్కినవి వట్టి సోమరితనము. ఎన్ని మాటలు వచ్చినవని మేము లెక్కింపము. లెక్కించిన దినమెల్ల మాకు ఉత్సాహము తగ్గినది.

ఆదివారమున ష్లీమన్ పద్ధతి. వియ్యపురాలికి అయిదు పంక్తుల ఉత్తరము కన్నడమున వ్రాసి, కోడలిచే దిద్దించి, ఆ దిద్దినదానిని కంఠస్థము చేసి మరునాడు అప్పగించుట. మొదటి ఉత్తరమునకు జవాబు రాలేదు. రెండవదానికిని రాలేదు. మూడవదానిని కోడలికి చూపకయే పంపితిమి. పదిదినములకు మా ఉత్తరమే తిరిగి వచ్చినది. నాలుగు తప్పులు ఎర్రసిరాతో దిద్ది, అడుగున శ్రావణమున వచ్చెదనని వ్రాసిరి.

వరండాలో ఆమెకు చెప్పవలసిన వాక్యము ఒకటి మాకు బాకీ యున్నది. "నిమ్మింద నమగె ఏను తొందరె ఇల్ల" యని ప్రతి ఉదయమును పైకి చదువుచున్నాము. ష్లీమన్‌కు ఆ బీదవాడు దొరకినట్లు మాకు వినుటకు నాలుగేండ్ల మనుమరాలు దొరకినది. జీతము బెల్లపు ముక్క. నిన్న ఉదయమున అది విని, బెల్లము బుగ్గన పెట్టుకొని, "ఏను కాదు తాతా, ఏనూ" అని దిద్దినది.