ఒక్కో బిడ్డకు ఒక్కో ప్రణాళిక
(తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగం)



40 శాతం, ఆపైన వైకల్యమున్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కని 2016 వికలాంగుల చట్టం చెప్పింది. ఆ హక్కు తరగతి గదిలో అమలు కావాలంటే ఒక కాగితం సక్కగ రాయాలె. అదే వ్యక్తిగత విద్యా ప్రణాళిక. భవిత కేంద్రం టీచరు, బడి పంతులు, తల్లిదండ్రులు కలిసి కూర్చుని రాయవలసింది.

నేను చూసినకాడ జరిగేదేమిటి? "చదువులో మెరుగుపరచాలి" అని పదిమందికీ ఒకే మాట రాస్తున్నారు. మెరుగంటే ఎంత? ఎప్పటికి? నేర్పేదెవరు?

అసలు ప్రణాళిక ఇట్లుండాలె: ఈ పిల్ల ఒకటి నుంచి పది దాకా నోటితో చెప్తది, గింజలు ముందుపెడితే మూడు దాటి లెక్కించలేదు. దసరా సెలవులకల్లా చింతగింజలతో పది దాకా రావాలె. రోజూ పావుగంట. నేర్పే టీచరు పేరు. మళ్లీ పరీక్షించే తేదీ. అప్పటికీ రాకుంటే పిల్లను తిట్టుడు కాదు, నేర్పే పద్ధతి మార్చాలె.

బిడ్డకు ఏమొస్తదో తల్లికి తెలిసినంత ఎవరికి తెలుసు? కూలి పోకుండా మీటింగు సాయంత్రం పెట్టమని అడగండి. చదివి వినిపించనిదే వేలిముద్ర వేయకండి. ఒక నకలు ఇంటికి తెచ్చుకోండి.