ఉప్పు బాకీ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నిర్వాహకులు నన్ను 'సాహిత్యం - సమాజం' అనే అంశం మీద మాట్లాడమన్నారు. దాని గురించి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలోనే పదిమంది ఉన్నారు. అందుకని నేను నాలుగేళ్లుగా చేస్తున్న పని గురించే చెబుతాను. మా ముత్తాత మీద ఒక నవల రాస్తున్నాను. ఆయన పేరు ఇక్కడ చెప్పను, నవలలో కూడా మార్చేశాను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా ఇంట్లో చెప్పుకునే కథ ఇది. ముత్తాత నిజాం సర్కారు కరోడ్‌గిరీలో జవాను. కరోడ్‌గిరీ అంటే సుంకాల శాఖ. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు కానీ, పాత ఊళ్లలో 'నాకా' అనే మాట ఇంకా బతికే ఉంది. ములుగు నుంచి పస్రా, తాడ్వాయి మీదుగా అడవిలో నడిచి గోదావరి ఒడ్డున నాకాకు చేరాడట. అవతలి నుంచి పడవల్లో వచ్చే సరుకు పట్టుకోవడం, సుంకం వసూలు చేయడం ఆయన పని. ఒకనాడు పేదోళ్ల ఉప్పు మూట గుంజుకోలేక, సర్కారు బిళ్ల నడుముకే ఉండగా, రాత్రికి రాత్రి పడవెక్కి అవతలి ఒడ్డుకు పోయాడు. మళ్లీ కొలువు ముఖం చూడలేదు. మా నాయనమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా పడవ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేది. సర్కారు మనుషులు ఇంకా వెతుకుతున్నట్టే ఉండేది మాకు.

అవతలి ఒడ్డు అంటే ఏమిటో కాస్త చెప్పాలి. ఇవాళ ముల్లకట్ట వంతెన మీద బస్సులో అయిదు నిమిషాల్లో దాటేస్తున్నాం. వెంకటాపురం, వాజేడు మన ములుగు జిల్లాలోనే ఉన్నాయి. (రామప్ప దగ్గరి వెంకటాపూర్ కాదు, నూగూరు వెంకటాపురం. ఈ రెండింటి మధ్య నా ఉత్తరాలు కొన్ని తప్పిపోయాయి కూడా.) కానీ 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించిన తర్వాత నది ఒక సరిహద్దు అయింది. నూగూరు మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1909లో మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. తర్వాత తూర్పు గోదావరి ఏజెన్సీ, 1959లో ఖమ్మం, 2016లో భూపాలపల్లి, 2019లో ములుగు. ఊరు కదలకుండానే ఇన్ని జిల్లాలు తిరిగింది.

ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దార్ రూపాయి. ఏడు హాలీ రూపాయలకు దాదాపు ఆరు కల్దార్. ఇవతల కచేరీలో ఉర్దూ, అవతల ఇంగ్లీషు, తెలుగు. నిజాం రాజ్యానికి సముద్రం లేదు. ఉప్పు బయటి నుంచే రావాలి. 1889లో బెజవాడ రైలు వచ్చాక ఓరుగల్లుకు ఉప్పు రైల్లో వచ్చింది కానీ, అడవి లోపలి గూడేలకు రైలు రాదు కదా. అక్కడికి ఉప్పు మనిషి భుజం మీదో, పడవలోనో రావాలి. మా ముత్తాత నిలబడింది ఆ దారిలో.

ఇక కాగితాల సంగతి. మా పెద్దబాపు ఇల్లు మంగపేటలో ఉండేది. 1986 ఆగస్టు వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఆ వరదలో మా ఇంటి కాగితాల పెట్టె మూడు రోజులు నీళ్లలో ఉంది. తెలుగు కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఒకే ఒక ఉర్దూ కాగితం, తోలు సంచిలో ఉండడం వల్ల మిగిలింది. అది ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. భూమి పట్టా అనుకుని దేవుడి గూట్లో పెట్టారు. ఏటా దసరాకు దానికి పసుపు కుంకుమ కూడా పెట్టారు.

నాకు ఉర్దూ చదవడం రాదు. హన్మకొండలో రిటైరైన ఉర్దూ టీచరొకాయన భూతద్దం పెట్టి చదివారు. షికస్తా రాత, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రెండు గంటలు చూసి ఆయన నవ్వారు. "ఇది పట్టా కాదండీ, బాకీ నోటీసు" అన్నారు. ఫలానా జవాను చెప్పకుండా కొలువుకు రావడం మానేశాడు, సర్కారు వారి పట్టీ, ఇత్తడి బిళ్ల తిరిగి ఇవ్వలేదు, వాటి ఖరీదు రెండు రూపాయల నాలుగణాలు హాలీ వసూలు చేయవలసింది. తేదీ బహ్మన్ నెల, 1328 ఫసలీ. ఫసలీకి 590 కలిపితే 1918 వస్తుంది. సంవత్సరం అక్టోబరులో ఆజూరుతో మొదలవుతుంది కాబట్టి బహ్మన్ అంటే దాదాపు డిసెంబరు.

ఈ కాగితం మా నాయనమ్మ కథను కాదనలేదు. ఆయన పోయింది నిజమే, బిళ్ల తీసుకుపోయిందీ నిజమే. ఎందుకు పోయాడో మాత్రం చెప్పలేదు. సర్కారుకు కావలసింది బిళ్ల, కారణం కాదు. అది ఇన్‌ఫ్లూయెంజా దేశమంతా మనుషులను ఎత్తుకుపోయిన సంవత్సరం అని గుర్తుంచుకోవాలి. 'ఊరూరా పాడెలు లేచిన యేడు' అని నాయనమ్మ అనేది. జ్వరాలకు భయపడి పోయాడా, ఉప్పు కోసం పోయాడా? తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో కూర్చున్నా ఆ ప్రశ్నకు జవాబు దొరికే రకం కాదు.

కాగితానికీ నోటిమాటకూ మధ్య ఈ పేచీ మన ప్రాంతానికి కొత్త కాదు. రామప్ప గుడి శాసనం 1213లో వేయించింది. అందులో రేచర్ల రుద్రుడి వంశమంతా ఉంది. శిల్పి రామప్ప పేరు నిలబెట్టింది మాత్రం జనం నోరు. కొమురం భీము 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆయన వర్ధంతిని గోండులు ఆశ్వయుజ పున్నమికి జరుపుతారు, క్యాలెండర్ తేదీకి కాదు. అల్లం రాజయ్య, సాహు ఆ నవల రాసినప్పుడు ఆ గూడేల జ్ఞాపకం మీదే ఎక్కువగా ఆధారపడ్డారు. మేడారం సంగతి మీకు నేను చెప్పేదేముంది.

మనలో చాలామంది సహవాసి గారు తెలుగు చేసిన 'ఏడు తరాలు' చదివి పెరిగాం. అలెక్స్ హేలీ తన పూర్వికుడు కుంటా కింటే కోసం గాంబియాలోని జుఫురే దాకా పోయాడు. అక్కడ వంశకథలు చెప్పే గ్రియో ఒకాయన నోట ఆ పేరు విన్నానని రాశాడు. తర్వాత పరిశోధకులు ఆ వంశవృక్షాన్ని గట్టిగానే ప్రశ్నించారు. ఆ వాదం ఎలా ఉన్నా, నాకు ఆ పుస్తకంలో అసూయ కలిగించేది ఒకటుంది. హేలీ వెతికింది సంకెళ్లు వేయించుకున్నవాడి కోసం. మన తాత సంకెళ్ల ఏ వైపున ఉన్నాడో తెలియకుండా వెతకడం వేరు.

అవతలి ఒడ్డుకు పోయాను. ఒకసారి కాదు, ఆరుసార్లు. వాజేడు వైపు ఒక కోయగూడెంలో ఒక పెద్దాయనను కలిశాను. మా ముత్తాత గురించి అడిగితే వెంటనే గుర్తుపట్టలేదు. ఇత్తడి బిళ్ల సంగతి చెప్పగానే, "ఓ, బిళ్లదొరా?" అన్నాడు. ఆ ఊళ్లో మా ముత్తాత పేరు అది. సర్కారు వదిలి వచ్చినా బిళ్ల మాత్రం నడుముకు పెట్టుకునే తిరిగాడట.

"మీ తాత ఉప్పు తెచ్చిండు సారూ. అది అబద్ధం కాదు. వానకాలం ఎవ్వలు రాకపోయినా ఆయన తెచ్చేటోడు. కానీ ఊరికే తెచ్చిండా?"

మానెడు ఉప్పుకు గోడ మీద ఒక బొగ్గు గీత. పంటలప్పుడు గీతలు లెక్కపెట్టి ఇప్పపువ్వు, కరక్కాయ, చింతపండు పట్టుకుపోయేవాడు. అవి చాలకపోతే ధాన్యం. ధాన్యమూ చాలని ఏడు చేను. "మా తాతకు లెక్క రాదు. మీ తాత గీత గీస్తే అదే లెక్క" అన్నాడు పెద్దాయన. కోపంగా అనలేదు. వాన ఏ ఏడు ఎంత పడిందో చెప్పినట్టు చెప్పాడు. నాకు అదే కష్టంగా అనిపించింది.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూముల చట్టం తెచ్చింది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి ఏజెంటు అనుమతి లేకుండా బదిలీ చేస్తే చెల్లదు. మా ముత్తాత నది దాటింది 1918 చివర. అంటే ఆయన అక్కడ అడుగు పెట్టేనాటికే చట్టం ఉంది. చట్టం ఉన్నా చేను చేతులు మారింది. తర్వాత 1959లో, 1970లో చట్టం మరింత గట్టిపడవలసి వచ్చిందంటే, బిళ్లదొర ఒక్కడే కాదన్నమాట.

ఇంటికి వచ్చి మా మేనత్తకు చెప్పాను. ఆమెకు ఎనభై దాటాయి. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సచ్చిపోయినోని మీద ఇప్పుడు పంచాయితీ ఎందుకు బిడ్డా? ఇంటి పేరు తీస్తవా?" అంది. నేను జవాబు చెప్పలేదు. లేచి పోబోతుంటే తనే మళ్లీ పిలిచింది. "ఆ చేన్లు అమ్మిన పైసలతోనే మీ తాతను హన్మకొండల చదివిచ్చిండ్రు. అదన్నా రాయి" అంది.

అంతవరకూ ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు. తాత హన్మకొండలో చదువుకుని టీచరయ్యాడు. తాత టీచరు కాబట్టి నాన్న చదువుకున్నాడు. నాన్న చదువుకున్నాడు కాబట్టి నన్ను వేలు పట్టుకుని ఈ బడిలో చేర్పించాడు. అటెండెన్స్ రిజిస్టర్‌లో నా పేరు ఎక్కిన దారిలో ఆ గోడ మీది గీతలు కూడా ఉన్నాయి. ఎన్ని గీతలో నాకు తెలియదు.

కాబట్టి నవలలో పడవ రాత్రి ఉంటుంది. మా నాయనమ్మ చెప్పినట్టే, గొంతు తగ్గించి. ఉప్పు మూట గుంజుకోలేక వదిలేసిన మనిషి, తర్వాత ఉప్పు మూటతో అదే గడప తొక్కిన మనిషి ఒకడే అయి ఉండొచ్చు. రెండోదాని కోసం మొదటిది అబద్ధం చేయనక్కర్లేదు. ఆ తర్వాతి అధ్యాయం మొత్తం గోడ దగ్గరే జరుగుతుంది. మేనత్త ఇంకా ఒప్పుకోలేదు. మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేయడం మానేశాడు. పేరు మార్చింది వాళ్ల కోసమే. గూడెం పేరు కూడా మార్చాను, అది ఆ పెద్దాయన కోసం.

మిత్రులారా, ఇప్పుడు నాకు మీతో పని ఉంది. మీలో ఏటూరునాగారం, మంగపేట, కన్నాయిగూడెం, వాజేడు, వెంకటాపురం వాళ్లు చాలామంది ఉన్నారు. మీ ఇళ్లలో సేత్వార్, ఖాస్రా పహాణీ, హాలీ రశీదులు, ఉర్దూ కాగితాలు ఏవైనా ఉంటే పారేయకండి. చెదలు పట్టినా పర్వాలేదు. ఒకసారి ఫొటో తీసి పంపండి, చదివించి ఏముందో మీకే మొదట చెబుతాను. ఇళ్లలో ఎనభై దాటినవాళ్లుంటే నాకు ఒక పూట ఇప్పించండి. అన్నం నేనే తెచ్చుకుంటాను.

గోడ అధ్యాయం రాయడం అయిపోయింది. అచ్చుకు ఇచ్చేముందు తనకు చదివి వినిపించాలని ఆ పెద్దాయన షరతు పెట్టాడు. దసరా సెలవుల్లో వాజేడు పోతున్నాను. బస్సులో తోడు వచ్చేవాళ్లుంటే సభ అయ్యాక కలవండి.