ఫాలోవర్లు వేరు, ఖాతాదారులు వేరు

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. సోషల్ మీడియాలో వ్యాపారానికి జనాన్ని పెంచుకోవడం గురించి నన్ను మాట్లాడమన్నారు. ఇదీ లెక్కల వ్యవహారమే కనుక ఒప్పుకున్నాను.

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు వచ్చాక మన పెద్దలు ఎందరో కోస్తా జిల్లాల నుంచి వచ్చి, సింధనూరు, మాన్వి తాలూకాల్లో క్యాంపులు వేసుకుని వరి పండించారు. వారి మనవలు నేడు బియ్యం, పచ్చళ్లు, చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మాలనుకుంటున్నారు. సంతోషమే. అయితే "ఇంత సొమ్మిస్తే పదివేల మంది ఫాలోవర్లను తెచ్చిపెడతాం" అనేవారు పిల్లల వెంట పడుతున్నారు. ఫీజు కోసం ఇచ్చిన డబ్బు అటు పోతుందేమోనన్నదే నా ఆందోళన.

అలా కొన్న ఫాలోవర్లలో చాలావరకు నకిలీ ఖాతాలే. అవి సరుకు కొనవు సరికదా, వీడియో కూడా చూడవు. సాధారణంగా కొత్త వీడియోను ముందు కొద్దిమందికి చూపి, వారు ఆసక్తిగా చూస్తేనే మరికొందరికి చూపిస్తారు. చూడని ఖాతాలు పోగైతే మీ వీడియో మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. అంటే డబ్బిచ్చి మరీ నష్టం కొనుక్కున్నట్టు.

కామర్స్ విద్యార్థులకు గుడ్‌విల్ పాఠం గుర్తుండే ఉంటుంది. కొన్నేళ్ల సగటు లాభాన్ని బట్టి దాని విలువ కడతాం గాని, దుకాణం ముందు నిలబడ్డ జనాన్ని బట్టి కాదు. అప్పు కోసం వచ్చిన వ్యాపారి ఖాతాలో జమలు ఎలా నడిచాయో బ్యాంకు చూస్తుంది. ఊళ్లో అతని పేరు ఎందరికి తెలుసునని అడగదు.

జనం నిజంగా ఎలా చేరతారో మనవాళ్లే చూపించారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' పల్లె మాటను పల్లె మాటగానే వినిపించింది. అందులో నటించిన గంగవ్వగారు 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లారు. 'గ్రాండ్‌పా కిచెన్' నారాయణరెడ్డిగారు 2017 నుంచి, 2019లో కన్నుమూసేదాకా, ఆరుబయట పెద్ద పాత్రల్లో వండి అనాథ పిల్లలకు పెట్టారు. దాదాపు 60 లక్షల మంది ఆ ఛానల్‌లో చేరారు. తమకు వచ్చిన పనిని విడవకుండా, ఉన్నదున్నట్టు చూపించడమే వారి పద్ధతి.

మీరు బియ్యం అమ్ముతుంటే అది ఎన్ని నెలల పాతదో, నూక ఎంత ఉందో, తూకం ఎలా వేస్తున్నారో చూపండి. ధర దాచకండి. మన జిల్లాలో కొనేవారు ఎక్కువమంది కన్నడం వారు కనుక రెండు భాషల్లోనూ చెప్పండి. ఎవరైనా ఫిర్యాదు రాస్తే చెరిపేయకుండా అక్కడే జవాబివ్వండి. డబ్బు తీసుకుని పొగిడేవారు ఆ సంగతి స్పష్టంగా తెలపాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. అదీ గుర్తుంచుకోండి.

ఇంకొక మాట. చేరిన జనం కూడా పూర్తిగా మన చేతిలో ఉండరు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. లక్షల ఫాలోవర్లున్న మన పల్లెటూరి పిల్లలకు కూడా ఆ జనమంతా ఒక్కసారిగా దూరమైపోయారు. అద్దె కొట్టులో వ్యాపారం చేసేవాడు ఖాతా పుస్తకం తన ఇంట్లో పెట్టుకోవాలి. కొన్నవారి పేరు, ఫోను నంబరు, కొన్న సరుకు వారి అనుమతితో ఒక పుస్తకంలో రాసుకోండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ సందేశం మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. ఎందరు దాచుకున్నారన్నది ఫాలోవర్ల సంఖ్య కంటే నమ్మదగిన లెక్క.

నెలాఖరున రెండు గళ్లు గీయండి. ఒకదానిలో కొత్త ఫాలోవర్లు, రెండోదానిలో రెండోసారి కొన్నవారు. మొదటిది పెరిగి రెండోది పెరగకపోతే వీడియోలు ఆపి సరుకును చూసుకోండి.

ఈ చెక్కు మాత్రం ముందు కాలేజీ ఫీజుకే వెళ్లాలి. పేజీ నడపడానికి చేతిలో ఉన్న ఫోను, మీ ఓపిక చాలు. అందరూ బాగా చదువుకుని, నలుగురికి ఉపాధి చూపించే స్థాయికి ఎదగాలని కోరుకుంటున్నాను.